నిండు ఆర్కెస్ట్రా ముందు రాక్ గాయకులు

రాక్ సంగీతంలో పేరు పడ్డ గాయకులు తమ బ్యాండును పక్కన పెట్టి, నిండు ఆర్కెస్ట్రా ముందు నిలబడి, ఎవరో ఎప్పుడో రాసిన పాత పాటలతో ఆల్బమ్ చేయడం అమెరికా, బ్రిటన్ జనరంజక సంగీతంలో అర్ధ శతాబ్దం దాటిన ఒక పాయ. 1970లో రింగో స్టార్‌తో ఇది మొదలైందని చెప్పుకోవచ్చు. 1973లో హ్యారీ నిల్సన్ దానికి ఒక కళారూపం తెచ్చారు. 1983లో లిండా రాన్‌స్టాట్ దాన్ని లక్షల ఇళ్ళకు చేర్చారు. ఆ తర్వాత జోనీ మిచెల్, రాడ్ స్టీవర్ట్, పీటర్ గేబ్రియల్ తలా ఒక దారిలో ఈ పని చేశారు.

వీళ్ళు ఎంచుకున్న పాటల్లో ఎక్కువ భాగం 1920ల నుంచి 1950ల దాకా బ్రాడ్వే నాటకాల కోసం, హాలీవుడ్ సినిమాల కోసం, న్యూయార్క్ పాటల ప్రచురణ సంస్థల కోసం పుట్టినవి. ఇర్వింగ్ బెర్లిన్, జెరోమ్ కెర్న్, జార్జ్ గెర్ష్విన్, కోల్ పోర్టర్, రిచర్డ్ రోజర్స్ వంటి వారి కట్టుబడులు ఇందులో ఉన్నాయి. ఈ మొత్తాన్ని 'గ్రేట్ అమెరికన్ సాంగ్‌బుక్' అంటారు. సంగీతకారుల వాడుకలో మాత్రం ఇవి 'స్టాండర్డ్స్'. ప్రతి గాయకుడూ ఏదో ఒకనాడు పాడి తన ముద్ర వేయవలసిన పాటలని ఆ మాటలో భావం. కాలం గడిచేకొద్దీ తొలితరం రాక్ పాటలు కూడా పాతబడి ఈ వరసలోకి వచ్చి చేరాయి.

ఆర్కెస్ట్రా అనగానే తెలుగువారికి పెళ్ళి పందిట్లో కీబోర్డు, ప్యాడ్స్, గిటారు పెట్టుకుని సినిమా పాటలు పాడే బృందం గుర్తుకొస్తుంది. ఇక్కడ ఆ మాటకు అర్థం వేరు. వయొలిన్లు, వయోలాలు, చెల్లోలు, డబుల్ బాసులు, ఫ్లూటు, ఓబో, క్లారినెట్, ఫ్రెంచ్ హార్న్, ట్రంపెట్లు, ట్రాంబోన్లు, హార్ప్ అన్నీ కలిపి నలభై నుంచి డెబ్బై మంది దాకా ఉంటారు. ఎవరి నొటేషన్ వారి ముందు ఉంటుంది. అందరి చూపూ కండక్టర్ చేతి మీద ఉంటుంది. ఒకప్పటి మద్రాసు స్టూడియోల్లో సినిమా పాట రికార్డింగు రోజున వయొలిన్లు వరుసలు తీరి కూర్చున్న దృశ్యాన్ని తలుచుకుంటే అసలు రూపానికి దగ్గరగా ఉంటుంది.

దీన్ని మరో సంప్రదాయంతో కలపకూడదు. 1969 సెప్టెంబరు 24న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో డీప్ పర్పుల్ బృందం రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి వాయించింది. 1999లో మెటాలికా శాన్‌ఫ్రాన్సిస్కో సింఫనీతో కచేరీ చేసింది. అక్కడ రాక్ బ్యాండు తన సొంత సంగీతంతో, తన డ్రమ్స్‌తో, తన గిటార్లతో ఆర్కెస్ట్రాకు ఎదురు నిలుస్తుంది. ఈ వ్యాసం చెప్పబోయే ఆల్బమ్‌లలో చాలావాటిలో గాయకుడు ఆ కవచమేదీ లేకుండా, మరొకరి పాటతో, ఒంటి గొంతుతో వస్తాడు.

రాక్ వచ్చాక పాత పాట

1950ల దాకా అమెరికన్ పాట తయారీలో పనులు విడివిడిగా ఉండేవి. సాహిత్యం ఒకరిది, బాణీ ఒకరిది, వాద్యాల కూర్పు ఇంకొకరిది, గొంతు మరొకరిది. మన సినిమా పాట తయారయ్యే పద్ధతికి ఇది చాలా దగ్గర. ఒకే పాటను పది మంది పాడేవారు. శ్రోతలు ఆ పదింటినీ పోల్చుకుంటూ వినేవారు. బాబ్ డిలన్, బీటిల్స్ వచ్చాక ఈ లెక్క మారిపోయింది. పాట రాసినవాడే పాడాలి, తన అనుభవమే పాడాలి అన్నది రాక్ నీతి అయింది. మరొకరి పాట పాడటం, అందులోనూ అమ్మానాన్నల తరం పాట పాడటం వెనకడుగుగా కనిపించింది.

గొంతు వాడకంలోనూ తేడా ఉంది. రాక్ గాయకుడు డ్రమ్స్ ఇచ్చే దెబ్బను ఆనుకుని పాడతాడు. ఎలక్ట్రిక్ గిటారు మోతను చీల్చుకుని వినపడాలి గనుక గొంతు బిగించి, అంచు పెంచి పాడతాడు. ఊపిరి ఎక్కడ తీసుకున్నా ఆ మోతలో కలిసిపోతుంది. ఆర్కెస్ట్రా ముందు ఇదంతా తలకిందులవుతుంది. తాళం ఒక డ్రమ్ము మీద స్థిరంగా కూర్చోదు. కండక్టర్ చేతితో పాటు కొంచెం సాగుతుంది, కొంచెం ముడుచుకుంటుంది. వయొలిన్లు తగ్గినచోట గాయకుడి పెదవుల చప్పుడు కూడా మైక్‌లో పడుతుంది. ఒక స్వరం కాస్త కిందకు జారితే పక్కనే నలభై మంది సరైన స్థానంలో వాయిస్తూ ఉంటారు, దాచుకోవడానికి చోటుండదు. ఎంతో పేరున్న రాక్ గొంతులు కూడా ఇక్కడ తడబడటానికి కారణం ఇదే.

అరేంజర్ అనే రెండో గొంతు

ఈ ఆల్బమ్‌ల మంచిచెడ్డలు నూటికి తొంభై పాళ్ళు అరేంజర్ చేతిలో ఉంటాయని నా అభిప్రాయం. ఉన్న బాణీని ఏ శ్రుతిలో పెట్టాలి, ఏ వేగంలో నడపాలి, ఏ వాద్యం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలి అన్నది నిర్ణయించి ప్రతి వాద్యానికీ నొటేషన్ రాసే మనిషి అరేంజర్. ముందు గాయకుడితో పియానో దగ్గర కూర్చుని, గొంతు ఎక్కడ హాయిగా నిలుస్తుందో, ఎక్కడ పగులుతుందో వింటాడు. ఆ తర్వాత ఒంటరిగా కూర్చుని స్కోరు రాస్తాడు. దానిలోంచి ఒక్కో వాద్యకారుడి పత్రాన్ని ఎత్తిరాసేవారు వేరే ఉంటారు. రికార్డింగు రోజున వాద్యకారులు ఆ కాగితాన్ని అప్పుడే మొదటిసారి చూసి వాయిస్తారు. అమెరికాలో సంగీతకారుల సంఘం నియమాల ప్రకారం మామూలు సెషన్ మూడు గంటలు. అంత మందికి గంటల లెక్కన డబ్బు ఇవ్వాలి. ఒక పాట మీద వారాల తరబడి స్టూడియోలో కూర్చునే అలవాటున్న రాక్ గాయకుడికి ఈ మూడు గంటల క్రమశిక్షణ కొత్త.

ఈ చరిత్రలో ఇద్దరు అరేంజర్లు పెద్ద స్తంభాలు, ఇద్దరూ ఫ్రాంక్ సినాట్రాకు పనిచేసినవారే. 1910లో పుట్టిన గోర్డన్ జెంకిన్స్ వయొలిన్లన్నిటినీ ఎత్తున ఒకే స్వరంలో కలిపి నడపడానికి ఇష్టపడేవారు. వింటుంటే గొంతు వెనక ఎవరో ఏడుపు ఆపుకుంటున్నట్టు ఉంటుంది. 1921లో న్యూజెర్సీలో పుట్టిన నెల్సన్ రిడిల్ ట్రాంబోన్ వాద్యకారుడిగా మొదలై, కాపిటల్ రికార్డ్స్‌లో నాట్ కింగ్ కోల్‌కీ, సినాట్రాకీ రాసి పేరు పొందారు. పాట వేగం మనిషి గుండె కొట్టుకునే వేగానికి దగ్గరగా ఉండాలన్నది ఆయన నమ్మకం. గాయకుడు పాడుతున్నప్పుడు వాద్యాలు పక్కకు తప్పుకోవాలి, గాయకుడు ఊపిరి తీసుకునే సందులో ఒక ఫ్లూటో, మూతికి మూత పెట్టిన ట్రంపెట్టో ఒక చిన్న మాట అని మళ్ళీ తప్పుకోవాలి. 1956 నాటి సినాట్రా ఆల్బమ్ 'సాంగ్స్ ఫర్ స్వింగిన్ లవర్స్'లో 'ఐవ్ గాట్ యూ అండర్ మై స్కిన్' వింటే ఆయన పనితనం తెలుస్తుంది. మెల్లగా మొదలై, మధ్యలో వాద్యాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పోయి, ట్రాంబోన్ సోలో దగ్గర పొంగి, మళ్ళీ సద్దుమణుగుతుంది.

రింగో, ఆ వెంట నిల్సన్

రింగో స్టార్ 'సెంటిమెంటల్ జర్నీ' 1970 మార్చి 27న బ్రిటన్‌లో విడుదలైంది. ఆయన బృందం బీటిల్స్ విడిపోతోందన్న వార్త లోకానికి తెలియడానికి ఇంకా రెండు వారాలుంది. లివర్‌పూల్‌లో తన చిన్నతనంలో ఇంట్లో పదిమంది కలిసినప్పుడు పాడుకునే పాటలను తల్లి సంతోషం కోసం పాడాలన్నది రింగో కోరిక. అట్ట మీద ఆయన పెరిగిన పేటలోని ఎంప్రెస్ అనే పబ్ బొమ్మ, దాని కిటికీల్లో బంధువుల ముఖాలు కనిపిస్తాయి. నిర్మాత జార్జ్ మార్టిన్. ఒక్కో పాటను ఒక్కో అరేంజర్‌కు ఇచ్చారు. క్విన్సీ జోన్స్, ఎల్మర్ బెర్న్‌స్టైన్, ఆలివర్ నెల్సన్ మొదలుకుని పాల్ మెకార్ట్నీ దాకా పన్నెండు పాటలకు పన్నెండు చేతులు. అందుకే వినడానికి సరదాగా ఉన్నా ఒకే మనిషి చెప్పిన కథలా సాగదు. రింగో గొంతుకు ఉన్న పరిధి చిన్నది. కొన్నిచోట్ల ఆర్కెస్ట్రా ఆయన్ను చంకనెత్తుకుని నడుస్తుంది. అయినా ఇంటి పాటను ఇంటి మనిషిలాగే పాడిన నిజాయతీ అందులో ఉంది.

హ్యారీ నిల్సన్ దగ్గరకు వచ్చేసరికి సంగతి వేరు. 1941లో బ్రూక్లిన్‌లో పుట్టిన నిల్సన్ కచేరీ పర్యటనలు చేయని స్టూడియో మనిషి. తన గొంతునే పొరలు పొరలుగా రికార్డు చేసుకుని వినిపించేవారు. 'వితౌట్ యూ' పాట 1972లో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళాక కంపెనీ, అభిమానులు అలాంటిదే ఇంకొకటి ఎదురుచూస్తుంటే ఆయన గోర్డన్ జెంకిన్స్‌ను పిలిచారు. 1973 మార్చిలో లండన్ శివారు వెంబ్లీలోని స్టూడియోలో రికార్డింగు జరిగింది. నిర్మాత ఒకప్పటి బీటిల్స్ ప్రచార వ్యవహర్త డెరెక్ టేలర్. నిల్సన్ వయసు 31, జెంకిన్స్ వయసు 62. పొరలు లేవు, అతుకులు లేవు. ఆర్కెస్ట్రా వాయిస్తుండగా అదే గదిలో నిలబడి పాడటమే. బీబీసీ దీన్ని చిత్రీకరించింది కూడా.

ఆల్బమ్ పేరు 'ఎ లిటిల్ టచ్ ఆఫ్ ష్మిల్సన్ ఇన్ ద నైట్'. షేక్‌స్పియర్ 'ఐదవ హెన్రీ'లో యుద్ధానికి ముందటి రాత్రి రాజు సైనికుల మధ్య తిరిగే ఘట్టంలోని మాటను మలిచి పెట్టిన పేరు. ఇర్వింగ్ బెర్లిన్ 'వాటిల్ ఐ డూ', 'ఆల్వేస్', ఇంకా 'ఇట్ హ్యాడ్ టు బీ యూ', 'యాజ్ టైమ్ గోస్ బై', జెంకిన్స్ స్వయంగా రాసిన 'దిస్ ఈజ్ ఆల్ ఐ ఆస్క్' ఇందులో ఉన్నాయి. పాటకూ పాటకూ మధ్య జెంకిన్స్ చిన్న చిన్న వాద్య వంతెనలు కట్టారు. మొత్తం ఒకే రాత్రి విన్న కబురులా ఉంటుంది. నిల్సన్ ఎక్కడా గొంతు పెంచరు. చివరి అక్షరాన్ని గాలిలో వదిలేసి, వయొలిన్లు దాన్ని అందుకునేదాకా ఆగుతారు. ఆ ఆగడమే ఈ ఆల్బమ్ సౌందర్యం. అప్పట్లో అమ్మకాలు మామూలుగానే సాగాయి. మరుసటి ఏడు జాన్ లెనన్‌తో కలిసి 'పుస్సీ క్యాట్స్' చేస్తుండగా నిల్సన్ స్వరతంతువు దెబ్బతింది, మునుపటి గొంతు మళ్ళీ పూర్తిగా రాలేదు. ఆ గొంతు పరిపూర్ణంగా ఉన్న రోజుల్లో, ఏ స్టూడియో మాయా లేకుండా పట్టి దాచిన రికార్డు ఇది.

లిండా రాన్‌స్టాట్, నెల్సన్ రిడిల్

లిండా రాన్‌స్టాట్ 1946లో అరిజోనా రాష్ట్రం టూసాన్‌లో పుట్టారు. స్టోన్ పోనీస్ బృందంతో 1967లో 'డిఫరెంట్ డ్రమ్' పాడి గుర్తింపు పొందారు. 1971లో ఆమె వెనక వాయించిన కుర్రాళ్ళలో గ్లెన్ ఫ్రై, డాన్ హెన్లీ ఉన్నారు, ఆ తర్వాత వాళ్ళే ఈగల్స్ బృందాన్ని నెలకొల్పారు. 1974 నాటి 'హార్ట్ లైక్ ఎ వీల్' నుంచి దశాబ్దం చివరిదాకా అమెరికన్ రాక్‌లో ఆమెను మించిన గాయని లేదన్నంత పేరు. క్రీడా మైదానాలు నిండేవి. ఆ పేరు ఉండగానే ఆమె 1980లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో గిల్బర్ట్, సల్లివన్‌ల 'పైరేట్స్ ఆఫ్ పెన్‌జాన్స్' సంగీత నాటకంలో కథానాయిక వేషం వేశారు. రాక్‌లో వాడని పై స్థాయి గొంతును అక్కడ సాధన చేసి తెచ్చుకున్నారు. ఆర్కెస్ట్రా ముందు నిలబడే ధైర్యానికి అది పాఠశాల అయింది.

1981లో నిర్మాత జెర్రీ వెక్స్‌లర్‌తో స్టాండర్డ్స్ ఆల్బమ్ ఒకటి మొదలుపెట్టి, నచ్చక ఆపేశారు. ఆమె మనసులో ఉన్నది నెల్సన్ రిడిల్ కట్టే ధ్వని. ఆ ధ్వని వేరొకరి చేత రాయించడం కంటే ఆయన్నే అడిగితే పోలా అనుకున్నారు. అప్పటికి రిడిల్‌కు 60 దాటాయి. 1974 నాటి 'ద గ్రేట్ గ్యాట్స్‌బీ' సినిమాకు ఆస్కార్ వచ్చినా, పాటల లోకం రాక్ వైపు తిరిగిపోవడంతో ఆయన నైపుణ్యానికి తగ్గ గొంతులు వెతుక్కుంటూ రావడం తగ్గింది. ఒకటి రెండు పాటలకు రాసిపెడతారా అని రాన్‌స్టాట్ అడిగితే, తాను విడి పాటలకు రాయననీ, చేస్తే ఆల్బమ్ మొత్తం చేస్తాననీ ఆయన చెప్పారు. ఆ మాటతో అంతా కుదిరింది. రికార్డు కంపెనీ అధిపతి జో స్మిత్ మాత్రం భయపడ్డారు. రాక్ అభిమానులు దూరమైపోతారు, ఇంతకాలం కట్టుకున్నది కూలిపోతుంది, వద్దమ్మా అని నచ్చజెప్పారు. ఆమె వినలేదు.

ఎప్పటి నిర్మాత పీటర్ ఆషరే ఈ ఆల్బమ్‌కూ నిర్మాత. రికార్డింగు ఇంజనీరు జార్జ్ మాసెన్‌బర్గ్. 'వాట్స్ న్యూ' అనే పేరుతో 1983 సెప్టెంబరులో తొమ్మిది పాటలతో వచ్చింది.

మొదటి పాట మీద కాసేపు నిలబడాలి. ఆల్బమ్‌కు పేరిచ్చిన 'వాట్స్ న్యూ' 1938లో బాబ్ హ్యాగర్ట్ కట్టిన వాద్య సంగీతం. మరుసటి ఏడు జానీ బర్క్ దానికి మాటలు రాశారు. ఒకప్పటి ప్రేమికులు దారిలో ఎదురుపడతారు. ఒకరు మామూలుగా కుశలం అడుగుతారు. ఊళ్ళో సంగతులు, తెలిసినవాళ్ళ ముచ్చట్లు. ఎదుటివారి జవాబులు మనకు వినపడవు. మాటల అడుగున ఇంకా తడి ఆరని ప్రేమ ఉందని శ్రోతకు తెలిసిపోతుంది, పాడుతున్నవారు దాన్ని పైకి అనకూడదు. పాట కట్టుబడి ఎనిమిదేసి ఆవర్తాల నాలుగు భాగాలు. ఒకటి, రెండు, నాలుగు భాగాలది ఒకే బాణీ. మూడో భాగంలో విచిత్రం ఉంది: కొత్త బాణీ రాదు, అదే బాణీ మధ్యమ శ్రుతికి ఎక్కుతుంది, అంటే షడ్జమం ఉన్నచోటి నుంచి మధ్యమాన్ని ఆధారం చేసుకుని పాడినట్టు. మామూలు కబుర్లు ఆడుతున్న మనిషి గొంతు ఉన్నట్టుండి వణికినంత పని అవుతుంది. రాక్‌లో పెరిగిన గొంతుకు ఇక్కడ ఎత్తుకుని అరిచేయాలనిపిస్తుంది, ఆ శక్తి రాన్‌స్టాట్ దగ్గర కావలసినంత ఉంది. ఆమె దాన్ని సగం మాత్రమే విప్పి, మిగతా సగం వయొలిన్లకు వదిలేశారు.

రిడిల్‌కు ఈ పాట కొత్తది కాదు. పాతికేళ్ళ ముందు, 1958లో, సినాట్రా 'ఓన్లీ ద లోన్లీ' ఆల్బమ్‌లో ఇదే పాటకు ఆయనే వాద్యాలు కూర్చారు. 'గెస్ ఐల్ హ్యాంగ్ మై టియర్స్ అవుట్ టు డ్రై', 'గుడ్‌బై' కూడా ఆ రెండు ఆల్బమ్‌లలోనూ ఉన్నాయి. ఒకే చేయి, ఒకే పాట. అక్కడ నడివయసు మగవాడి ఓటమి, ఇక్కడ ముప్పై ఏడేళ్ళ స్త్రీ నిబ్బరం. రెండూ పక్కపక్కన పెట్టుకుని వింటే అరేంజర్ అనేవాడు గొంతును బట్టి పాటను ఎలా తిరిగి కుడతాడో తెలుస్తుంది. వాద్య సంగీతం నేర్చుకునేవారికి నేను ఇచ్చే మొదటి పాఠం ఇదే. ఆల్బమ్ చివరి పాట 'గుడ్‌బై' రాసినది గోర్డన్ జెంకిన్స్, నిల్సన్‌కు వాద్యాలు కూర్చిన ఆ పెద్దాయనే. ఒకనాడు బెన్నీ గుడ్‌మన్ బృందం తన కార్యక్రమాలను ఈ పాటతోనే ముగించేది. 1983లో ఈ రికార్డు వచ్చేనాటికి జెంకిన్స్ జీవించే ఉన్నారు, 1984 మేలో కన్నుమూశారు.

జో స్మిత్ భయం నిజం కాలేదు. బిల్‌బోర్డ్ పట్టికలో ఆల్బమ్ మూడో స్థానం దాకా వెళ్ళింది. దాని పైన ఉన్నవి మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్', లయొనెల్ రిచీ 'కాంట్ స్లో డౌన్'. ఒక్క అమెరికాలోనే 30 లక్షలకు పైగా అమ్ముడైంది. టీవీలో రాక్ వీడియోలు రాజ్యమేలుతున్న రోజుల్లో, వయొలిన్ల నడుమ నిదానంగా పాడిన తొమ్మిది పాటలకు ఇంత ఆదరణ వస్తుందని ఎవరూ అనుకోలేదు. తమ తల్లిదండ్రుల పాటలను రాక్ తరం మొదటిసారి తమ గాయని గొంతులో వింది. ఇంట్లో మూలన పడున్న సినాట్రా రికార్డులను మళ్ళీ బయటకు తీసినవారూ ఉన్నారు. రిడిల్ స్వయంగా కండక్టర్‌గా నిలబడగా ఆమె న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్ వంటి వేదికల మీద పాడారు.

విమర్శ కూడా వచ్చింది. జాజ్ గాయనుల్లా తాళంతో ఆడుకోదు, ముందుకు వెనక్కు జరగదు, రాసిందాన్ని రాసినట్టు పాడుతుంది అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. ఎల్లా ఫిట్జెరాల్డ్‌కు, బిల్లీ హాలిడేకు ఉన్న స్వేచ్ఛ ఆమెకు లేదు. అయితే బాణీని తిన్నగా, స్వరం చెదరకుండా పాడటం వల్లనే రిడిల్ రాసిన అల్లిక అంత స్పష్టంగా వినిపిస్తుంది. గాయని బాణీని విరుస్తూ పోతే ఆ అల్లిక వెనక పడిపోయేది.

1984లో 'లష్ లైఫ్' వచ్చింది. మూడోదైన 'ఫర్ సెంటిమెంటల్ రీజన్స్' పని సాగుతుండగా 1985 అక్టోబరు 6న రిడిల్ 64వ ఏట మరణించారు. ఆయన రాసిపెట్టిన నొటేషన్‌లో మిగిలినదాన్ని టెర్రీ వుడ్సన్ కండక్టర్‌గా నడిపించారు. ఆల్బమ్ 1986లో విడుదలైంది. 'వాట్స్ న్యూ'కు వాద్య కూర్పులో గ్రామీ వచ్చింది. 'లష్ లైఫ్'కూ అదే బహుమతి వచ్చింది, కానీ అందుకోవడానికి ఆయన లేరు. జీవిత చరమాంకంలో ఒక రాక్ గాయని ఆయన్ను వెతుక్కుంటూ వచ్చి మూడు ఆల్బమ్‌లు రాయించకపోతే, ఆ తరం వారికి రిడిల్ పేరు పాత రికార్డు అట్టల వెనక చిన్న అక్షరాల్లోనే మిగిలేది.

రాన్‌స్టాట్ 1987లో తండ్రి పాడే మెక్సికన్ పాటలతో 'కాన్సియోనెస్ దె మి పాద్రే' చేశారు. నాడీవ్యాధి వల్ల గొంతు స్వాధీనం తప్పి 2011లో పాడటం మానేశారు, 2013లో ఆ సంగతి లోకానికి చెప్పారు.

జోనీ మిచెల్: తన పాటే పాత పాటైనప్పుడు

జోనీ మిచెల్ 'బోత్ సైడ్స్ నౌ' 2000లో వచ్చింది. లండన్ ఎయిర్ స్టూడియోలో, ఒకప్పుడు చర్చిగా ఉన్న హాలులో, డెబ్బై మంది దాకా వాద్యకారులతో రికార్డు చేశారు. అరేంజర్ విన్స్ మెండోజా. మొత్తం పన్నెండు పాటలు, అందులో పది పాత స్టాండర్డ్స్. ప్రేమలో పడటం నుంచి, అనుమానం, కోపం, విడిపోవడం దాటి, నిదానించడం దాకా ఒక బంధం నడిచే దారిని అనుసరించి పేర్చారు. మిగిలిన రెండూ ఆమె సొంత పాటలు.

ఆ రెండింటిలో చివరిది, ఆల్బమ్‌కు పేరిచ్చినది, ఈ పాయ మొత్తంలో నన్ను ఎక్కువగా కదిలించే రికార్డు. మిచెల్ దాన్ని 1967లో, 23 ఏళ్ళ వయసులో రాశారు. 1969లో తానే గిటారు మీద, సన్నని ఎత్తు గొంతుతో పాడారు. మబ్బుల్నీ, ప్రేమనూ, జీవితాన్నీ ఇరుపక్కల నుంచీ చూశాను అని చెప్పే పాట అది. అప్పటి గొంతులో అదొక తెలివైన అమ్మాయి ఊహలా వినిపిస్తుంది. 2000లో ఆమెకు 56. సిగరెట్లతో, ఏళ్ళతో గొంతు బాగా కిందకు దిగింది, బొంగురుపోయింది. శ్రుతి దించి, వేగం తగ్గించి, మెండోజా వయొలిన్లను మంచు కమ్మినట్టు పరిచారు. ఆ మంచులోంచి ఆమె ఒక్కో మాటా తెచ్చి పెడతారు. ఒక్క అక్షరం మారలేదు, అర్థం మొత్తం మారింది. పాట తన వయసు కోసం ముప్పై ఏళ్ళు కాచుకుని కూర్చున్నట్టుంది. ఆల్బమ్‌కూ, ఈ పాట వాద్య కూర్పుకూ గ్రామీలు వచ్చాయి. 2003లో 'లవ్ యాక్చువల్లీ' సినిమాలో భర్త మోసం తెలిసిన భార్య గదిలో ఒంటరిగా నిలబడే సన్నివేశానికి ఈ రికార్డునే వాడారు.

రాడ్ స్టీవర్ట్ వరస

అమ్మకాల్లో అందరినీ మించినది రాడ్ స్టీవర్ట్ వరస. 2000లో థైరాయిడ్ క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగాక ఆయన గొంతు పోయి, పాడటం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. 2002లో 'ఇట్ హ్యాడ్ టు బీ యూ: ద గ్రేట్ అమెరికన్ సాంగ్‌బుక్' వచ్చి బిల్‌బోర్డ్‌లో నాలుగో స్థానం, 2003లో రెండో భాగం రెండో స్థానం, 2004లో మూడో భాగం 'స్టార్‌డస్ట్' మొదటి స్థానం అందుకున్నాయి. మూడో భాగానికి వచ్చిన గ్రామీ ఆయన జీవితంలో మొదటిది. 2010 నాటికి ఐదు భాగాలయ్యాయి. నిర్మాతల్లో రిచర్డ్ పెర్రీ ఒకరు. రింగో 1970 ఆల్బమ్‌లో పేరు పాటకు వాద్యాలు కూర్చింది ఈయనే.

ఈ ఆల్బమ్‌లలో ఆర్కెస్ట్రా వెనక తెరలా మెత్తగా ఉంటుంది, గాయకుడితో మాట కలపదు. స్టీవర్ట్ గరుకు గొంతుకూ ఈ నున్నటి పాటలకూ మధ్య పుట్టవలసిన రాపిడిని అది తుడిచేసింది. వినడానికి హాయిగా ఉంటాయి, ఒకదాని నుంచి ఒకటి వేరు చేసి గుర్తుపెట్టుకోవడం కష్టం.

పీటర్ గేబ్రియల్: డ్రమ్స్ వద్దు, గిటార్లు వద్దు

2010లో పీటర్ గేబ్రియల్ 'స్క్రాచ్ మై బ్యాక్' చేసినప్పుడు స్టాండర్డ్స్ జోలికి పోలేదు. డేవిడ్ బౌవీ, పాల్ సైమన్, నీల్ యంగ్, లూ రీడ్ మొదలుకుని రేడియోహెడ్, ఆర్కేడ్ ఫైర్ దాకా తన కాలపు వారి పాటలనూ, తన తర్వాతి వారి పాటలనూ పన్నెండు ఎంచుకున్నారు. నియమం ఒకటే: గిటార్లు ఉండకూడదు, డ్రమ్స్ ఉండకూడదు. గేబ్రియల్‌కు ఇలా తన చేతులు తానే కట్టుకోవడం అలవాటే. కుర్రతనంలో డ్రమ్స్ వాయించిన ఈ మనిషి 1980 నాటి ఆల్బమ్‌లో సింబల్స్‌ను నిషేధించారు.

అరేంజర్ జాన్ మెట్‌కాఫ్ రిడిల్ దారికి పూర్తిగా దూరం. చిన్న స్వర సమూహాలను తిప్పితిప్పి వాయించే ఆధునిక శాస్త్రీయ పద్ధతి ఆయనది. బౌవీ 'హీరోస్' అసలు రికార్డులో మొదటి క్షణం నుంచీ గిటార్ల హోరు. ఇక్కడ అది గుసగుసలా మొదలై, తీగ వాద్యాలు ఒక్కొక్క మెట్టే ఎక్కుతుంటే, గేబ్రియల్ గొంతు చివరికి పగలబోతున్నట్టు వినిపిస్తుంది. రాక్ పాటలో సాహిత్యాన్ని డ్రమ్స్ ఎంతగా మోస్తాయో, అవి తీసేస్తే మాటలు ఎంత ఒంటరివైపోతాయో ఈ ఆల్బమ్ చూపింది. ఆ పాటల అసలు కర్తలు బదులుగా గేబ్రియల్ పాటలు పాడాలన్నది పథకం. కొందరు వెనక్కి తగ్గడంతో ఆ రెండో ఆల్బమ్ 2013లో గానీ రాలేదు.

ఎదురు చూడని ఆర్కెస్ట్రా

2015లో లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఎల్విస్ ప్రెస్లీ పాత రికార్డుల్లోంచి తీసుకున్న గొంతు వెనక కొత్తగా వాయించింది. 'ఇఫ్ ఐ కెన్ డ్రీమ్' పేరుతో వచ్చిన ఆ ఆల్బమ్ బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది. రాయ్ ఆర్బిసన్ గొంతుకూ 2017లో అదే చేశారు. 2019లో రాడ్ స్టీవర్ట్ పాత పాటల గొంతు చుట్టూ అదే ఆర్కెస్ట్రాను చుట్టారు. ఇవి బాగా అమ్ముడయ్యాయి. కానీ ఇక్కడ గాయకుడు ఎప్పుడో పాడేశాడు. వయొలిన్లు తగ్గాయని అతను గొంతు తగ్గించడు, ఫ్లూటు మాట ముగిసేదాకా ఆగడు. నిల్సన్ వెంబ్లీలో నిలబడి వాద్యాల కోసం ఆగిన ఆ అర క్షణం ఇలాంటి రికార్డుల్లో పుట్టే వీలు లేదు.

డిలన్ తీసేసిన వయొలిన్లు

పాత పాట లోకాన్ని మార్చేసిన బాబ్ డిలన్ 2015లో 'షాడోస్ ఇన్ ద నైట్' పేరుతో సినాట్రా పాడిన పది పాటలు పాడారు. రికార్డింగు జరిగింది లాస్ ఏంజెలెస్ కాపిటల్ స్టూడియోస్‌లో, అంటే 1950ల్లో సినాట్రా, రిడిల్ పనిచేసిన భవనంలోనే. హెడ్‌ఫోన్లు లేవు, తర్వాత అతికించడం లేదు. నిండు ఆర్కెస్ట్రా కూడా లేదు, ఆయనతో పర్యటించే చిన్న బ్యాండు, అక్కడక్కడ కొన్ని హార్న్స్, అంతే. 2016, 2017ల్లో ఇదే పద్ధతిలో మరో రెండు ఆల్బమ్‌లు చేశారు.

సినాట్రా రికార్డులు తెలిసినవారు దీన్ని వింటే ఒక సంగతి గమనిస్తారు. గొంతు ఆగినచోట డానీ హెరన్ పెడల్ స్టీల్ గిటారు సన్నగా సాగుతుంది. ఒకప్పుడు వయొలిన్ల వరుసలు నడిచిన దారిలోనే అది నడుస్తుంది, గాయకుడు ఊపిరి తీసుకునే సందులో ఒక చిన్న మాట అని తప్పుకుంటుంది.